హాలు ఆఖరి ఫొటో

మర్నాడు పొద్దున్న ఎదుటి సినిమా హాలును పడగొడుతున్నారు. ఆ హాలుకు ఇరవై ఏళ్ళు బొమ్మల బోర్డులు రాసిన మాస్టారికి, దాని ఫొటో ఒక్కటైనా తన చేత్తో తీసి దాచుకోవాలని పట్టుదల. కోపం ముక్కు మీదే ఉండే మనిషి కాబట్టి వీధిలో ఆయన పేరు చిటపటల మాస్టారు.

పడగొట్టే ముందురోజు పొద్దున్న పదింటికల్లా, లోపల నల్లరంగు పూసిన బిస్కెట్ల డబ్బాకు సూదితో బెజ్జం పొడిచి, మిగిలిన ఒకే ఒక్క ఫొటో కాగితాన్ని చీకటి గదిలో దాని లోపల అమర్చి, ఆ డబ్బా కెమెరాను తన ఇంటి మేడమీది కమ్మీకి హాలు వైపు కట్టాడు. బెజ్జం సన్నం, కాగితం పాతది. బొమ్మ పడాలంటే రెండింటిదాకా డబ్బా కదలకూడదు, మూత తియ్యకూడదు.

పదిన్నరకు హాలు పక్కింటి రిటైర్డ్ కోర్టు గుమాస్తా వీధిలోకొచ్చి చిందులు తొక్కాడు.

"ఏమయ్యా! మా వాకిట్లోకి కెమెరా పెడతావా?"

"హాలుకి పెట్టానయ్యా! మీ వాకిలి ఎవడిక్కావాలి?"

"అంటే మా వాకిలి అంత తీసిపోయిందా? దించు డబ్బా!"

"దాన్ని ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా!"

ముట్టుకోవద్దంటున్నాడంటే లోపల ఏదో ఉందన్నాడు దారిన పోయేవాడొకడు. అది పేలుతుందన్న పుకారు పావుగంటలో వీధంతా పాకింది. గుమాస్తా ఫోను చేస్తే కానిస్టేబులు వచ్చాడు.

"మూత తియ్యండి."

"తీస్తే వెలుతురు పడి సర్వనాశనం! రెండింటికి నేనే తీస్తా."

తీసే ధైర్యం కానిస్టేబులుకూ లేదు. కాపలా అని చెప్పి హాలు మెట్ల మీద కుర్చీ వేయించుకున్నాడు. గుమాస్తా మాత్రం హాలు ముందు, డబ్బాకు ఎదురుగా అటూ ఇటూ తిరుగుతూ సెక్షన్లు వల్లించాడు. మాస్టారు పైనుంచి తిట్లు లంకించుకున్నాడు. "ఇద్దరికీ నోళ్ళే గాని బుర్రల్లేవు," అని మాస్టారి భార్య తలుపు వేసుకుంది.

రెండింటికి మాస్టారు స్నానాలగదిలో కాగితం కడిగి తెచ్చి అందరి ముందూ పెట్టాడు. తెలుపూ నలుపూ తారుమారైనా, గోడ మీది పగులుతో సహా హాలు వచ్చింది. ఆయనకు కళ్ళు చెమర్చాయి.

"నేనేడీ?" గుమాస్తా మండిపడ్డాడు. "మూడు గంటలు నిలబడ్డాను!"

"నిలబడితేగా! కదిలేవాళ్ళు దీంట్లో రారు."

"మరి ఇతనొచ్చాడే?"

ఫొటోలో హాలు మెట్ల మీద కుర్చీలో, తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని కానిస్టేబులు నిద్రపోతున్నాడు.

"ఇటివ్వండి, చింపేస్తా!" అని కానిస్టేబులు మీదికొచ్చాడు. పొద్దుట్నుంచీ ఆ ఫొటో వద్దని గొంతు చించుకున్న గుమాస్తానే దాన్ని లాక్కుని గుండెకు హత్తుకున్నాడు. "డ్యూటీలో నిద్రా? ఇది సాక్ష్యం! చింపు చూద్దాం!"

"అది నా ఫొటోరా!" అని మాస్టారు అరుస్తూనే ఉన్నాడు. గుమాస్తా స్టేషను దారి పట్టాడు, కానిస్టేబులు ఆయన వెంటపడ్డాడు.

హాలు పోయింది. ఆ స్టేషను ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా మాస్టారు ఇప్పటికీ పళ్ళు నూరుతాడు. ఫొటో పై అధికారి బీరువాలో భద్రంగా ఉంది. కానిస్టేబులు నిద్ర మీద విచారణ జరిపిన ముగ్గురిలో ఒక్కరూ ఆ కుర్చీ వెనకాల ఉన్నది ఏ భవనమని అడగలేదు.