పెద్ద పొట్టకు సుఖమైన ఒర

పొట్ట పెరిగిన మగవాడు చొక్కా కింద పిస్తోలు దోపుకుని తిరగడమంత ఆరోగ్యకరమైన అలవాటు మరొకటి లేదు. పొద్దుటి నడక కూడా దీని ముందు దిగదుడుపే. నేను ఈ ఊళ్లో జీనులు కుట్టాను. గుర్రాలు తగ్గి నడుములు పెరిగాక తుపాకీ ఒరలు కుడుతున్నాను. చూసిన మాటే చెబుతున్నాను.

నమ్మకం లేదా? అయితే వెల్డన్ టాకెట్ సంగతి వినండి.

వెల్డన్ దాణా మిల్లులో లారీ తోలి రిటైరైనవాడు. మూడువందల నలభై పౌండ్ల మనిషి. నడుము యాభై రెండు అంగుళాలు, అదీ ఊపిరి బిగబట్టినప్పుడు. ఓక్లహోమాలో మా మూలకు దొంగ వచ్చి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. ఒకసారి పెట్రోలు బంకు వెనకాల ఐసు సంచులు పోయాయి, అంతే. అయినా సిద్ధంగా ఉండొద్దా? దొంగ ముందుగా కబురుపెట్టి వస్తాడా?

సిద్ధంగా ఉండడంలో వెల్డన్‌ను మించినవాడు లేడు. కూర్చోవడంలోనే వచ్చింది ఇబ్బంది.

మొదట ముందువైపు, బొడ్డు కింద పెట్టుకున్నాడు. నిలబడితే దివ్యంగా ఉంది. కూర్చుంటే పొట్ట దిగి పిడి మీద ఆనింది, గొట్టం దిగి తొడలో ఆనింది. నడుం వెనక్కి మార్చాడు. కుర్చీ ఒప్పుకోలేదు. పైగా చెయ్యి అక్కడిదాకా పోదు, దొంగ వస్తే కాస్త ఆగమని బతిమాలుకోవాలి. చంకలో వేలాడదీశాడు. దాన్ని దాచడానికి కోటు వేశాడు. ఆగస్టు నెలలో కోటు వేసుకుని చెమటలు కక్కుతున్న మనిషిని చూసి చర్చిలో ఇద్దరు డాక్టరుకు ఫోను చెయ్యబోయారు. పొట్టకు సాగే పట్టీ చుట్టాడు. అది మధ్యాహ్నానికల్లా చాపలా చుట్టుకుపోయి, పిస్తోలును రొమ్ము కిందికి చేర్చింది.

చివరికి చీలమండకు కట్టాడు. వెల్డన్ తన చీలమండను చూసుకుని పదకొండేళ్లు. గుమ్మం దాటేముందు భార్యను పిలిచేవాడు.

"రమోనా, ఉందా?"

"ఉంది."

"సరిగ్గా చూశావా?"

"పోయి కూర్చుని నువ్వే చూసుకో. ఆ తర్వాత లేపడానికి నన్ను పిలవకు."

మా వైపు ప్రతి ఇంట్లో ఒక అట్టపెట్టె ఉంటుంది. కొని, ఒంటికి పడక, పారేయడానికి మనసొప్పక పడేసిన ఒరలన్నీ అందులోనే. వెల్డన్‌కు అలాంటివి రెండు పెట్టెలు. రోజుకు యాభైసార్లు ప్యాంటు పైకి లాక్కుంటాడు. చొక్కా కింద పిస్తోలు అచ్చు కనబడుతోందేమోనని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతాడు. ఇది వ్యాయామం కాక మరేమిటి?

ఇంత మేలు చేసే అలవాటుకు అడ్డుపడింది ఎవరనుకున్నారు? కన్న కూతురు.

షెల్బీ పక్క ఊళ్లో ఉంటుంది. ఆదివారం ఆదివారం నాలుగేళ్ల కూతురు డెల్లాను తాత దగ్గరికి తీసుకొస్తుంది. వెల్డన్‌కు వారమంటే ఆ ఒక్క రోజే, మిగతా ఆరూ దానికోసం గడిపేవి. అయితే ఒర గుచ్చినప్పుడల్లా పిస్తోలు తీసి ఎక్కడో అక్కడ పెట్టేవాడు. ఫ్రిజ్ మీద. పేపరు కింద. ఒక ఆదివారం షెల్బీ సోఫాలో దిండు ఎత్తింది.

"నాన్నా, ఇదేంటి?"

"గుచ్చుతోందమ్మా. ఒక్క నిమిషం తీశాను."

"పాప ఇక్కడే కూర్చుని బొమ్మలు చూస్తోంది."

"నేను ఇక్కడే ఉన్నాగా."

"నువ్వు గురకపెడుతున్నావు." షెల్బీ గొంతు పెంచలేదు. "ఒంటి మీదన్నా ఉండాలి, ఇనప్పెట్టెలో తాళం వేసన్నా ఉండాలి. ఇంకోసారి విడిగా కనబడిందో, డెల్లాను మళ్లీ తీసుకురాను."

రెండు దారులు చూపించింది. ఇనప్పెట్టె ఇంట్లోనే ఉంది, తాళంచెవి దానికే వేలాడుతోంది. బుద్ధి ఉన్న మనిషి ఏ దారి పడతాడు? మీ ఊహ నిజమే. తిన్నగా నా కొట్టుకు వచ్చాడు.

"నొప్పి లేని ఒర కుట్టు బాబాయ్. ఒంటి మీద ఉన్నట్టే తెలియకూడదు."

"ఇంట్లో ఇనప్పెట్టె ఉందిగా."

"దాన్ని నడుముకు కట్టుకు తిరగమంటావా?"

నేను మాటలు పెంచే మనిషిని కాను. కుర్చీ చూపించి టేపు తీశాను. పెద్ద పొట్టకు ఒర కుట్టేవాడు కొలత నిలబెట్టి తీయకూడదు, కూర్చోబెట్టి తీయాలి. ఒళ్లు మడత పడేది అప్పుడే. ఆ మడతలోకి తోలు అంచు రాకూడదు. రెండు పొరల వెడల్పు బెల్టు, కుడి తుంటికి రవ్వంత వెనగ్గా, పిడి ముందుకు వాలేట్టు, ఒంటివైపు మెత్తటి ఉన్ని దిండు. వారం పట్టింది.

వెల్డన్ కట్టుకున్నాడు. కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చుని అలాగే ఉండిపోయాడు.

"ఏమీ తెలియట్లేదు బాబాయ్" అన్నాడు. కళ్లు తడిశాయి.

మూడు ఆదివారాలు స్వర్గం. ఫ్రిజ్ మీద ఏమీ లేదు, దిండు కింద ఏమీ లేదు. షెల్బీ ఇల్లంతా వెతికి, వంటింట్లోకి వచ్చి, తండ్రికి తనే కాఫీ పోసింది. ఒక తోలుముక్క ఒక కుటుంబాన్ని కలిపింది. ఇంకా దీన్ని చెడ్డ అలవాటంటారా?

నాలుగో ఆదివారం చర్చి అయ్యాక వెల్డన్ అలవాటు ప్రకారం వెర్నా హోటలుకు వెళ్లాడు. వేయించిన చేప, ఆ పైన రెండు ముక్కలు కేకు. తర్వాత బాత్రూం. మా వాళ్లకు అక్కడో పద్ధతి ఉంది. బెల్టు వదులు చేస్తే బరువుకి పిస్తోలు నేలమీద పడుతుంది కనక, ముందే తీసి తుడుచుకునే కాగితపు చుట్ట ఉండే డబ్బా మీద పెడతారు. వెల్డన్ అలాగే పెట్టాడు. పని కానిచ్చి, చెయ్యి కడుక్కుని, హాయిగా ఇంటికి వచ్చాడు.

ఆ మధ్యాహ్నమంత మంచి మధ్యాహ్నం అతని జన్మలో లేదట. డెల్లాను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు, గుర్రమయ్యాడు. మంచం కింద దూరబోయి ఇరుక్కున్నాడు. ఇద్దరూ తివాచీ మీదే నిద్రపోయారు. మధ్యమధ్య చొక్కా పైనుంచి తుంటి తట్టి చూసుకున్నాడు. గట్టిగా తోలు తగిలింది. ఇంటికి కాపలా ఉంది.

నాలుగు గంటలకు వెర్నా కేకు డబ్బా పట్టుకుని వచ్చింది. తలుపు తీసింది షెల్బీ.

"నాన్నకు మళ్లీ కేకా అక్కా? ఆయన ప్యాంటు చూశావా అసలు?"

"కేకు కాదమ్మా. మూడింటికి బాత్రూం కడగబోతే దొరికింది." వెర్నా డబ్బా బల్ల మీద పెట్టింది. "పిడి మీద మీ తాత పేరు చెక్కి ఉంది గనక సరిపోయింది. మధ్యలో ఎవరెవరు వెళ్లొచ్చారో నాకు తెలియదు. ఆదివారం కదా, పిల్లలే ఎక్కువ."

వెల్డన్ చెయ్యి తుంటి మీదికి పోయింది. "నాది ఇక్కడే ఉందే."

షెల్బీ చొక్కా ఎత్తింది. ఒర ఉంది. ఒరలో ఏమీ లేదు.

"మధ్యాహ్నం నుంచీ లేదు నాన్నా. నీకు తెలియనే లేదా?"

"లేదమ్మా" అన్నాడు వెల్డన్. అబద్ధమాడే మనిషి కాదు. "బాబాయ్ అంత బాగా కుట్టాడు."

రమోనా గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరగకుండానే అడిగింది. "నాలుగు గంటలు అది లేకుండా ఉన్నావు. ఏమయ్యా, ఏమన్నా అయిందా నీకు?"

వెల్డన్ ఆలోచించాడు. ఇంతకన్నా సుఖంగా ఎప్పుడున్నాడో అతనికి తట్టలేదు.

షెల్బీ పాపకు చెప్పులు తొడిగి, ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇక వెల్డన్ పిస్తోలును ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడని మీరనుకుంటారు. మీకు మా వాళ్లు ఇంకా అర్థం కాలేదు. సోమవారం పొద్దున్నే నా కొట్లో ఉన్నాడు. ఒర విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఇది మరీ సుఖంగా ఉంది బాబాయ్. అదే దీంతో చిక్కు. కాస్త గుచ్చేది కుట్టు, ఉందో లేదో తెలిసేట్టు."

"ఎక్కడ పెట్టమంటావు?"

వెల్డన్ కుర్చీలో కూర్చుని తన ఒళ్లోకి చూసుకున్నాడు.

"ముందువైపే పెట్టెయ్యి బాబాయ్. ఇక అక్కడ కూర్చునేవాళ్లు ఎవరూ లేరు."