కొండచిలువను మోసిన ఎలీషా మాస్టారు

రెండో శనివారం పొద్దున్నే ఎలీషా మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, "శాంతీ, తయారవ్వు. గుంటూరు దగ్గర పాముల పార్కు చూసొద్దాం," అన్నాడు. పాఠంలో పాము బొమ్మ వస్తే పేజీ తిప్పేసే మనిషి ఈ మాట అనేసరికి, దోసె తిరగేస్తున్న భార్య చెయ్యి అలాగే ఆగిపోయింది.

దీనికంతటికీ కారణం మరియదాసు. సత్తెనపల్లి హైస్కూల్లో ఎలీషా తెలుగు చెబితే అతను సైన్సు చెబుతాడు. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే చర్చి. ఆ పార్కులో కొండచిలువను మెళ్ళో వేసుకుని దిగిన ఫొటో మరియదాసు మొన్న స్టేటస్‌లో పెట్టాడు. "అబ్బ, ఎంత గుండె ధైర్యమండీ ఆయనకి!" అంటూ శాంతి ఆ ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి మరీ చూసింది. అప్పట్నుంచీ ఎలీషాకు అన్నం సయించడం లేదు. తనూ ఒక ఫొటో దిగాలి. పాము అద్దానికి అవతలే ఉన్నా ఫొటోలో ఎవరికి తెలుస్తుంది?

పార్కు గేటు దగ్గర, కొత్తగా పనిలో చేరిన హయాత్ ఎదురొచ్చాడు.

"సత్తెనపల్లి మాస్టారు మీరేనాండీ?"

"ఆఁ, నేనే," అన్నాడు ఎలీషా, తన పేరు ఇంతదూరం పాకినందుకు మురిసిపోతూ.

"రండి సార్, మీకోసమే చూస్తున్నాం. పాములు పట్టడంలో మిమ్మల్ని మించినోళ్ళు లేరంట కదా!"

అప్పుడే కాదని ఉంటే సరిపోయేది. కానీ శాంతి కళ్ళింత చేసుకుని అతన్నే చూస్తోంది. పెళ్ళయ్యాక ఆమె అలా చూడటం అదే మొదలు.

"ఏదోలెండి, దేవుడి దయ," అన్నాడు.

కాసేపటికి ఎలీషా, గుడ్లు పెట్టించడానికి పెంచుతున్న ఆడ కొండచిలువ ముందు నిలబడి ఉన్నాడు. దాన్ని పక్కగదికి మార్చాలట.

"తోకవైపు మేం చూసుకుంటాం. తలవైపు మీరు పట్టండి సార్."

"నాకు మోకాలి నొప్పి..."

"మోకాలితో పనేం లేదు సార్!"

శాంతి అప్పటికే చర్చి వాట్సాప్ గ్రూపు కోసం వీడియో మొదలుపెట్టింది. పాము తీరిగ్గా భుజమెక్కి మెడ చుట్టూ తిరిగింది. ఎలీషా గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. అరుద్దామని నోరు తెరిస్తే చర్చి పాట బయటికొచ్చింది. పాము బిగించేకొద్దీ గొంతు పైకి పోయింది. శాంతి భయమేసి బటను మీంచి వేలు తీసేసరికి వీడియో అక్కడికే ఆగి గ్రూపుకు వెళ్ళిపోయింది.

"ఒరేయ్ ఎలీషా, కదలకురా!"

గుమ్మంలో మరియదాసు. వచ్చి, నిదానంగా చుట్టలు విప్పి పామును తీశాడు.

"మరి సత్తెనపల్లి మాస్టారు?" అన్నాడు హయాత్ అయోమయంగా.

"నేనయ్యా! మీవాళ్ళు రమ్మంది నన్నే," అన్నాడు మరియదాసు.

ఎలీషాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పోయి పోయి మరియదాసు చేతుల్లో బతికి బయటపడటమా, అదీ శాంతి ఎదుట! ఇంతలో ఫోను మోగింది. పాట వరకే ఉన్న వీడియో చర్చి గ్రూపంతా చూసేసింది.

"బ్రదర్, వందనాలు!" అన్నారు పాస్టరు గారు. "పామును మెళ్ళో వేసుకుని స్తుతించారే! దేవుడు మీకు చేసిన మేలు గురించి రేపు చర్చిలో సాక్ష్యం మీరే చెప్పాలి."

అవతల మరియదాసుకు భార్య ఫోను చేసింది. "ఇన్నేళ్ళుగా పాములు పడుతున్నారు. ఒక్కసారైనా పాట పాడారా మీరు?"

మరియదాసు మొహం మాడిపోయింది. "జరిగింది చెప్పెయ్యరా," అన్నాడు.

"చెప్తాలే," అన్నాడు ఎలీషా.

తిరిగొస్తుంటే బండి వెనకనుంచి శాంతి నవ్వింది. "కళ్ళు మూసుకునేగా పాడింది?"

"భక్తిలో ఎవరైనా కళ్ళు మూసుకుంటారే!"

ఆదివారం ఎలీషా సాక్ష్యం చెబుతుంటే మరియదాసు పళ్ళు నూరుతూ విన్నాడు. ఆ పాట విన్న కొండచిలువ మాత్రం వారం దాకా తిండి ముట్టలేదట.