గున్నలంక వార్త వంతు

ఏడాదికొక్కసారైనా పేపర్లో రాని ఇల్లు నేలమీద ఉండదన్నది గున్నలంకలో అందరికీ తెలిసిన సంగతే.

యానాం ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్నప్పుడు పెట్టిన ‘లా గోదావరి’ దినపత్రికకి ఆ ఊరిమీద మొదట్నుంచీ ఈ అధికారం ఉంది. ఆ రోజుల్లో ఇబ్బంది లేదు. లంక ఊళ్లకని ఒక పేజీ నిండా వదిలేవారు. ఎవరి మేక తప్పిపోయినా, ఎవరి నెత్తిన కొబ్బరికాయ పడినా ఫ్రెంచిలో అచ్చయ్యేది. ఊళ్లో ఎవరికీ చదవడం రాకపోయినా ఇళ్లు గట్టిగా నిలబడేవి. దొరలు వెళ్లాక పత్రిక తెలుగులోకి మారింది. చదవడం వచ్చింది, జాగా తగ్గింది. పేజీ సగమైన ఏడాది కుమ్మరి వీధి పోయింది. బంగారం కొట్టు ప్రకటన పెద్దది పడిన ఏడాది బడి పోయింది. సర్వేయరు వచ్చి, మిగిలిన ఊరిని గొలుసుతో కొలిచి, విస్తీర్ణం పత్రికలోని జాగాకి సరిపోయిందని సంతకం పెట్టి వెళ్లాడు.

ఇప్పుడు మిగిలింది పేజీలో ఓ మూల. అందుకని పంచాయతీ కాలవ నీళ్లకి వేసినట్టే వార్తకీ వంతులేసింది. వంతు వచ్చిన ఇంట్లో ఏదో ఒకటి జరగాలి.

రేపటి పేపరు కాసులమ్మది. పొద్దున్నే విలేకరి నాగేసు వచ్చి ఆమె అరుగుమీద కూర్చున్నాడు.

“చెప్పక్కా, ఏం జరిగింది?”

“గేదె ఈనింది బాబూ. పెయ్యిదూడ.”

“రెండు లైన్లు. వంటిల్లు నిలబడద్ది, అరుగు పోద్ది.”

“మా అమ్మాయి రత్నం ఇంటరు మొదటేడు పాసయ్యింది.”

“ఫస్టొచ్చిందా?”

“పాసయ్యింది.”

“పాసైతే ఎవడేత్తాడక్కా. తప్పి, ఏదన్నా చేసుకుంటే వేత్తారు.”

కూరగాయల ధర చెప్పినట్టే చెప్పాడు.

ఎదురింటి అప్పాయమ్మ ఇల్లు కిందటి నెల తగలబడింది. ఫొటోతో సహా వచ్చింది. గోడలు లేవుగానీ స్థలం అంగుళం కదల్లేదు. ఆవిడ ఆ మసిలోనే చాప వేసుకుని ధీమాగా కూర్చుని ఉంది.

“మొగుడు తాగడు, కొట్టడు. నీ ఇంట్లో వార్తెక్కణ్ణించి వత్తదే?” అంది అక్కణ్ణించే.

కాసులమ్మ మొగుడు పల్లయ్య వల బాగుచేస్తూ అన్నీ విన్నాడు.

“పేజీ ఎన్నింటికి కట్టేత్తారు నాగేసూ?”

“చీకటి పడకుండా చెప్పెయ్యాలి బావా.”

పల్లయ్య వల మడిచిపెట్టి, అన్నం తిని, లోపలికెళ్లి తెల్లచొక్కా తొడుక్కొచ్చాడు.

“ఫొటోకి ఇది బాగుంటదా?”

“తెలుపు బాగా పడద్ది బావా.”

కాసులమ్మ కాలరు సరిచేసింది. గుండీ పెట్టి, దాన్ని వదలకుండా పట్టుకుంది. అతను ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని, గోదావరి పోటుమీదుందని చెప్పి రేవువైపు నడిచాడు.

మర్నాడు పేపర్లో పల్లయ్య ఫొటో పెట్టి, చుట్టూ నల్లగీత గీసి మరీ వేశారు. ఇల్లు, అరుగు, పాక, దూడ ఎక్కడివక్కడే ఉన్నాయి. పంచాయతీ ప్రెసిడెంటు వచ్చి కొలిచి, వాకిలి ఓ గజం పెరిగిందన్నాడు. మళ్లీ వంతు వచ్చే ఏడు, ఇంటరు ఫలితాల రోజుల్లో పడుతుందని గుర్తుచేసి వెళ్లాడు.

“బాగా చదువుకోమ్మా,” అంది కాసులమ్మ కూతురితో.

రత్నం పుస్తకం తెరిచింది.

“పాసైతే ఇల్లెలాగమ్మా?”

కాసులమ్మ చీపురు తీసుకుని, కొత్తగా పెరిగిన గజం జాగా ఊడవసాగింది.