నికాసియా ఆరేసిన గాలిసంచి

మమోరే నది మీద పొగమంచు ఇంకా విడవలేదు. ఆ పూట నికాసియా అనుకున్న పని ఒక్కటే: బట్టలుతికి, మూట కట్టి, గది ఖాళీ చేయడం. గార్సా విమానాల కంపెనీ మూతపడి ఏళ్లు గడిచినా, తాను టిక్కెట్లు అమ్మిన ఆ గదిలోనే ఆమె కాపురం. ఇప్పుడు ఊరి పెద్దలు గదినీ, గడ్డి రన్‌వేనూ దొన్ రోములో అనే పశువుల ఆసామికి ఇచ్చేస్తున్నారు. మధ్యాహ్నం సంతకాలైతే ఆమెకిక తల దాచుకునే చోటు లేదు.

దుప్పట్లతో పాటు గాలి వాలు చూపే పాత ఎర్ర సంచినీ ఉతికింది. దండెం నిండిపోవడంతో దాన్ని దాని స్తంభానికే ఎక్కించింది. సంచి గాలి నింపుకుని, నిద్రలో ఈదుతున్న చేపలా మబ్బుల వైపు కదిలింది.

విమానం వచ్చే రోజునే దాన్ని ఎగరేయడం గార్సా ఆనవాయితీ. ఊళ్లో అది కనిపించని కిటికీ లేదు.

మొదట పొరుగింటి తోమాసా జున్ను బుట్టతో వచ్చింది. "ఏమే, గార్సా మళ్లీ మొదలైతే చెప్పవా? నాకు కిటికీ పక్క సీటు!"

"విమానం లేదు, ఏమీ లేదు. తడిగుడ్డ ఆరేశానంతే."

"అప్పుడూ ఇలాగే అనేదానివి, నీ వాళ్లకి సీట్లు దాచడానికి. మాకు తెలీదనుకున్నావా?"

ఆమె కాదన్న కొద్దీ జనం పెరిగారు. కోళ్లతో ఒకడు, పంటినొప్పితో ఒకడు వరసకట్టి, విమానం ఎక్కేముందు బరువు చూసే పాత అలవాటు ప్రకారం తూకం బల్ల ఎక్కారు. "నీకు రెండు టిక్కెట్లు కొట్టాలోయ్!" అంటూ నవ్వుకున్నారు. కొందరు రన్‌వే మీది ఆవుల్ని అవతలికి తోలేశారు.

దొన్ రోములో గుర్రం మీద కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "ఎవడ్రా నా ఆవుల్ని తోలింది?"

"విమానం వాటి వీపు మీద దిగాలా అయ్యగారూ?" అంది తోమాసా.

ఊరంతా తలలెత్తి ఆకాశంలోకి చూస్తోంది. ఆయనా చూశాడు. ఎప్పుడో పైనుంచి చూసిన నది, వెండి దారంలా, కళ్ల ముందు మెదిలింది. గొంతు మెత్తబడింది.

"నికాసియా, నాకూ ఒక టిక్కెట్టు. పట్నంలో మా అమ్మాయి ఉంది. ఈ బురద దారిలో వెళ్లలేక మనవణ్ణింకా చూడలేదు."

"మీకివాళ సంతకాలు కదండీ?"

"రన్‌వేకి కంచె వేస్తే విమానం నా నెత్తిన దిగుతుందా? ఆ కాగితాలు చింపేయమంటాను. నువ్వు పోతే టిక్కెట్లెవరిస్తారు? గది వదిలి కదిలావో, ఊరుకోను!"

ఈసారి నికాసియా విమానం లేదని అనలేదు. "తూకం ఎక్కండి," అంది.

పొద్దు వాలేదాకా మబ్బుల్ని చూసి, రేపు వస్తామని చెప్పి, అందరూ హాయిగా ఇళ్లకు వెళ్లిపోయారు. గార్సా విమానం చెప్పిన రోజున ఏనాడూ రాలేదు కాబట్టి, ఎవరికీ అనుమానం కలగలేదు.