చల్లారినట్లు ధ్రువీకరణ

అల్లర్ల సమయంలో అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలకు ముప్పు కలుగుతున్నదని గుర్తించిన అధికారులు, పందొమ్మిది వందల ఎనభై రెండు మార్చిలో తొమ్మిది అంశాల ఉత్తరువు ఒకటి జారీ చేశారు. అది అనవసరమని ఎవరూ అనలేరు. అంతకు ముందు జరిగిన ఆందోళనలో మంట ఆర్పడానికి వెళ్లిన వాహనం మీద మన పౌరులు రాళ్లు రువ్వారు. ఒక ఉద్యోగికి నుదుట ఏడు కుట్లు పడ్డాయి. కొంపలు తగలబడుతుంటే నీళ్లు తెచ్చినవాణ్ణి కొట్టాలని ఏ శాస్త్రంలోనూ లేదు. అయితే మన నగరం శాస్త్రం ప్రకారం నడుస్తున్నదని ఇంతవరకు ఎవరూ ఆరోపించలేదు.

ఉత్తరువు రాసినవారు దూరదృష్టి గలవారు. గంట వింటే గుంపు రెచ్చిపోవచ్చును కనుక గంట మోగించరాదు. ఎరుపు రంగు కొన్ని పక్షాల వారికి కోపం తెప్పించవచ్చును కనుక వాహనం మీద తెల్ల దుప్పటి కప్పవలెను. నీటిధారను చూసి జనం పోలీసు చర్యగా భ్రమించవచ్చును కనుక, ‘ఈ నీరు మంట కొరకే గాని ప్రజల కొరకు కాదు’ అని మైకులో మూడుసార్లు ప్రకటించిన తరువాతనే గొట్టం విప్పవలెను. ఆ సంగతి తమకు ప్రతి వేసవిలోనూ తెలుస్తూనే ఉన్నదని వీధి కొళాయిల దగ్గర బిందెలతో నిలబడేవారు అన్నారట. అన్నిటికంటె ముఖ్యమైనది ఆరవ అంశం: పరిస్థితి ‘చల్లారినట్లు’ పోలీసు వారి నుంచి ధ్రువీకరణ అందనిదే వాహనం గేటు దాటరాదు.

రేవుకు పోయే రైలు పట్టాల పక్కన ఉన్న గేటుపేట అగ్నిమాపక కేంద్రంలో ఈ ఉత్తరువుకు అద్దం కట్టించి గోడకు తగిలించారు. కేంద్రాధికారి గురునాథరావు గారు నిబంధనలను ఎంతగా గౌరవించేవారంటే, సిబ్బంది టీ కాచుకోవడానికి స్టవ్వు వెలిగించినా వేళ రిజిస్టరులో రాయించేవారు.

ఏప్రిల్‌లోనే ఉత్తరువుకు పరీక్ష ఎదురైంది. కడుతున్న ఉక్కు కర్మాగారానికి పోయే దారిలో కొత్త బస్సు స్టాపు ఒకటి వెలిసింది. దానికి ఎవరి పేరు పెట్టాలన్నది సమస్య. రెండు పక్షాలకూ చెరొక మహనీయుడు ఉన్నాడు. ఆ మహనీయులు ఇద్దరూ జీవితంలో ఎన్నడూ బస్సు ఎక్కి ఎరుగరు. అయినా వారి గౌరవార్థం నగరం మొత్తం బంద్ అయింది. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక పక్షం వారు రెండవ పక్షం వారి కలప అడితికి నిప్పు పెట్టారు. సముద్రపు గాలికి పక్షపాతం లేదు. అది నిప్పురవ్వలను మోసుకుపోయి, ఏ పక్షానికీ చెందని గేటుపేట తాటాకు ఇళ్ల మీద వేసింది.

ఆ పేటలో నలభై ఇళ్లు. మూడవ వరుసలో సూరన్న ఇల్లు. రేవులో ఎరువు బస్తాలు మోసే సూరన్న, పది రోజుల కిందట బస్తాల దొంతర తన మీద కూలడంతో, రెండు కాళ్లకూ పిండికట్లతో మంచం మీద ఉన్నాడు. మంటకూ అతనికీ మధ్య రెండే వరుసలు. ఇరుగుపొరుగు తమ పిల్లలను ఎత్తుకుని పరుగెడుతున్నారు. అతని భార్య జోగమ్మ ఒక్కతే మంచం లాగలేక అగ్నిమాపక కేంద్రానికి పరుగెత్తింది.

“బాబూ, పేటంతా అంటుకుపోతంది! మా మావ కాళ్లకి కట్లు, లెగలేడు. బేగి రండి బాబూ!”

గురునాథరావు గారు బల్ల చూపించారు. “కూర్చో అమ్మా. పోలీసు వారి చీటీ రాగానే బయలుదేరతాం.”

“సీటీ ఏటి బాబూ? ఆ పొగ అగుపడతలేదా?”

“పొగ కనిపించడం వేరు, ధ్రువీకరణ వేరు.”

“ఇల్లు నాది, మావ నావోడు. నాను సెప్తన్నాను కదా! నాకంటె పోలీసోడికి ఎక్కువ తెలుస్తాదేటి?”

ఆయన ఓపికగా ఇన్‌స్పెక్టరు అర్జునరావు గారికి ఫోను చేశారు. అర్జునరావు గారు తర్కబద్ధమైన మనిషి. “గుంపు ఉన్నంతసేపు చల్లారిందని నేనెలా రాస్తానండీ? గుంపు మంట చూడ్డానికి నిలబడింది. మంట ఆరితే గుంపు పోతుంది. గుంపు పోతే మీరు వచ్చి మంట ఆర్పవచ్చు” అన్నారు. ఇందులో దోషం పట్టగలవాడు ఇంకా పుట్టవలసి ఉన్నది.

అయినా ఇన్‌స్పెక్టరు గారూ మనిషే. పది నిమిషాల తరువాత మనసు కరిగి, ‘పరిస్థితి చల్లారింది, బయలుదేరండి’ అని వైర్‌లెస్‌లో చెప్పించారు. గరగరలో ముందు మాట, వెనుక మాట కొట్టుకుపోయి, ‘చల్లారింది’ అన్న ఒక్క ముక్క కేంద్రానికి చేరింది. గుమాస్తా శ్రీరామ్మూర్తి ఆ ముక్కను రిజిస్టరులో నిండు వాక్యంగా పెంచాడు: ‘2-35. మంట చల్లారినది. వాహనం బయలుదేరనవసరం లేదు.’ గురునాథరావు గారు కింద సంతకం చేశారు.

డ్రైవరు జగ్గారావు అప్పటికే వాహనానికి దుప్పటి కప్పి, ఇంజను వేడెక్కించి కూర్చున్నాడు.

“సార్, పొగ ఇంకా లెగుత్తంది.”

“రికార్డు ప్రకారం చల్లారింది.”

“రికార్డు సల్లారితే పేట సల్లారిపోద్దా సార్?”

“అది చల్లారిన మంట తాలూకు పొగ.”

జోగమ్మ లేచింది. “సంతకం పెట్టీసినావు గదా బాబూ, ఆ కాయితం అట్టుకొచ్చి మా మావ మంచం కాడ నిలబడు. నిన్ను సూసి సల్లారతాదేమో!” అని, గోడకు వేలాడుతున్న ఎర్ర బకెట్లు రెండు లాక్కుని పరుగెత్తింది.

జగ్గారావు ఇంజను ఆపి ఒక తెల్ల కాగితం అడిగాడు. ‘కడుపునొప్పి కారణంగా ఈ పూటకు సెలవు’ అని రాసి ఇచ్చాడు. అదే నిమిషంలో గొట్టం పట్టే జాన్‌బాబుకు, సన్యాసిరాజుకు కూడా కడుపులో నొప్పి మొదలైంది. సెలవులు నిలువ ఉన్నాయి కనుక గురునాథరావు గారు మంజూరు చేశారు. ఉత్తరువులోని తొమ్మిది అంశాలూ విధిలో ఉన్నవారికే వర్తిస్తాయి. కడుపునొప్పి ఉన్నవారు ఎక్కడికైనా పోవచ్చు.

వాళ్లు చేరేసరికి గేటుపేట ముందు అపూర్వమైన ఐకమత్యం వెల్లివిరుస్తున్నది. పొద్దుటి నుంచి తలలు పగులగొట్టుకున్న రెండు పక్షాలూ భుజం భుజం రాసుకుని మంట చూస్తున్నాయి. చుట్టుపక్కల మేడల మీద కుటుంబాలు నిండిపోయాయి. పెద్దలు పిల్లలకు గాలివాలు గురించి వివరిస్తున్నారు. కడుపునొప్పి గలవారు ముగ్గురూ రెండవ వరుస కప్పులెక్కి, మంట పాకకుండా తాటాకు పీకి పారేశారు. జాన్‌బాబు భుజానికి ఎక్కడి నుంచో రాయి వచ్చి తగిలింది. అందులో ద్వేషం లేదు, అలవాటు మాత్రమే. అయినా పక్క ఇంటి తాటాకు అంటుకోవడంతో, జోగమ్మతో కలిసి నలుగురూ మంచంతో సహా సూరన్నను బయటికి మోశారు.

“ఓరి బావా, ఇంజనేదిరా?” అన్నాడు సూరన్న దగ్గుతూ.

“సెలవులో ఉన్నాను బావా, మాటాడకు” అన్నాడు జగ్గారావు.

పిండికట్టు నల్లబడింది, మనిషి మిగిలాడు. ఇల్లు మిగలలేదు. దానితో పాటు మరి ఇరవై మూడు పోయాయి. కడుపునొప్పి గలవారు కప్పులెలా ఎక్కారో తెలుపవలసిందిగా ముగ్గురికీ మెమోలు అందాయి.

తరువాతి వారం సహాయ సంఘం వారు కాలిన ఇంటికి ఆరు వెదుళ్లు, నలభై తాటాకులు ప్రకటించారు. కాలినట్లు అగ్నిమాపక కేంద్రం ధ్రువీకరించాలి. సూరన్న ఇల్లు అంటుకున్నది మూడు గంటల వేళ. రిజిస్టరు ప్రకారం మంట రెండూ ముప్పై అయిదుకే చల్లారింది. చల్లారిన మంటకు ఇల్లు కాలదు. అందుచేత సంఘం వారు దయతో ఒక దారి చూపారు: పక్కా ఇళ్లున్న గౌరవనీయులు అయిదుగురు తాము చూసినట్లు సంతకం చేస్తే చాలును.

జోగమ్మ కాగితం పట్టుకుని మేడ తరువాత మేడ ఎక్కింది. భర్తను చెట్టు కింద పడుకోబెట్టి వచ్చింది. వానలకు ఇంకా నెలన్నర గడువు ఉన్నది. ప్రతి గుమ్మంలోనూ ఒక్కటే మాట చెప్పింది. “మంటని సూడకపోతే మానండి బాబూ. నన్ను సూశారు కదా, మంచం మోస్తా మీకేసి కేకలెట్టినాను. ఆ ముక్క రాయండి సాలు.”

కాగితం ఖాళీగానే తిరిగి వచ్చింది. అలా అని గౌరవనీయులు అబద్ధమాడారని అనుకోవడానికి వీలులేదు. మనమందరం సత్యసంధులం. ఆ పూట మనం ఊళ్లోనే లేము. బస్సు, రైలు, రిక్షా, కనీసం సైకిలు కూడా కదలని ఆ బంద్ రోజున ఇన్ని వేలమందిమి ఏ వాహనం ఎక్కి ఊరు దాటామన్నది మాత్రం ఇంతవరకు ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు.