క్వాన్సా మాస్టారి వామహస్త విజయము

నురుగు మీసాలు దువ్వుకుంటూ వచ్చి, గోడకు తల బాదుకుని, సిగ్గుపడి వెనుదిరిగే అట్లాంటిక మహార్ణవ తరంగ పరంపరలకు నూరేళ్ళకు పైబడి ఎదురొడ్డి నిలిచినదియు, తొలుత తెల్లదొరల పాదధూళినీ, వారు వెళ్ళాక మన దొరల పాదధూళినీ సమభావంతో తుడిపించుకున్నదియు, స్తంభసహస్రము కాదుగాని లెక్కకు ఇరువదినాలుగు స్తంభములతో విరాజిల్లునదియు నగు గోల్డెన్ యాంకర్ అను నివాసభోజన మహాసౌధంబున, సెకొండి రేవునందు, ఒకానొక ఆదివారము మధ్యాహ్నము ఒంటిగంట వేళ, చర్చీలు వదిలి ఊరు ఊరంతా పులిసిన మొక్కజొన్నపిండి కెంకే ముద్దల ఆకులు విప్పుకొనుచున్న శుభసమయమున, ఒక గినీకోడి తొడకును ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయునకును జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెద, వినుడు. ఈ పోరులో ప్రాణనష్టం లేదు. గినీకోడి ముందే చచ్చింది.

ఆ వీరుని పేరు ఎబో క్వాన్సా. సుద్దధూళిధూసర దక్షిణహస్తుడు, వేత్రలతాలంకృత కరకమలుడు, బాలలోక భయంకరుడు, సకలగణిత సంకటవిమోచకుడు. రేవు బడిలో ముప్పైయెనిమిదేళ్ళు పాఠాలు చెప్పి, ఆరేళ్ళ కిందట విరమణ పొంది, ఇప్పుడు ఇంట్లో వార్తాపత్రికలోని అచ్చుతప్పులు ఎర్రసిరాతో దిద్దుతూ కాలం వెళ్ళబుచ్చుతున్న మహానుభావుడు. ఊరంతా ఆయనను మాస్టారూ అనే పిలుస్తుంది. ముప్పైతొమ్మిదేళ్ళుగా కాపురం చేస్తున్న భార్య అరబా కూడా అలాగే పిలుస్తుంది, కాకపోతే ఆవిడ పిలుపులో భయం ఉండదు.

మాస్టారికొక వ్రతం ఉంది. ఎడమచేత్తో ఇవ్వరాదు, పుచ్చుకోరాదు, పెద్దలకు దారి చూపరాదు, తిండి ముట్టరాదు. ఆ తీరంలో ఈ నియమం ఉగ్గుపాలతోనే అందరికీ అబ్బుతుంది గాని, అందరూ పాటించడం వేరు, క్వాన్సా మాస్టారు పాటించడం వేరు. ఒకసారి కుడి భుజాన కర్రపెండలం బస్తాతో పోతుండగా ఎవరో పోస్టాఫీసు ఎటని అడిగితే, బస్తా దింపి, చెయ్యి దులుపుకుని, కుడిచేత్తో చూపించి, మళ్ళీ బస్తా ఎత్తుకోలేక ఆ అడిగినవాడి సాయమే తీసుకున్నారు.

ఇక యుద్ధకారణం. ఇరవైతొమ్మిదేళ్ళ కిందట, ఆరో తరగతిలో, మర్యాదల పాఠం నాడు, మాస్టారు నల్లబల్ల మీద సున్నా చుట్టి, ఇది పళ్ళెము అని ప్రకటించి, గొప్పవారింట కుడిచేత కత్తి పట్టి మాంసము కోయవలెననియు, ఫోర్కుతో నోటికి అందించవలెననియు గంభీరంగా ఉపదేశించారు. అప్పుడు చేపలు పొగబెట్టే ఆవిడ కూతురు, ఎఫువా అమిసా అనే పదకొండేళ్ళ పిల్ల లేచి నిలబడింది. పుట్టుకతో ఆమెది ఎడమచేతివాటం. రెండేళ్ళు బెత్తంతో శ్రమించి ఆమెచేత కుడిచేత్తో రాయించిన ఘనత మాస్టారిదే. ఆ పిల్ల, కుడిచేతిలో కత్తి ఉంటే ఫోర్కు ఏ చేతిలో ఉంటుంది మాస్టారూ అని అడిగింది.

మాస్టారు అప్పటికి ఫోర్కును బొమ్మలో తప్ప చూసి ఎరగరు. జవాబు లేదు. జవాబు లేని చోట బెత్తం ఉంది. ఎడమ అరచేతి మీద మూడు దెబ్బలు పడ్డాయి, నల్లబల్ల మీది పళ్ళెం చెరిగిపోయింది. తర్వాత రోజుల్లో పెళ్ళివిందుల్లో ఊళ్ళోవాళ్ళు నిక్షేపంగా ఎడమచేత ఫోర్కు పట్టి తింటుంటే, మాస్టారు మాత్రం చెంచా అడిగి తెప్పించుకునేవారు. కొట్టిన దెబ్బకు కట్టుబడి ఉండాలి కదా.

ఆ ఎఫువా ఇప్పుడు గోల్డెన్ యాంకర్ పాకశాలాధీశ్వరి. పద్నాలుగు మంది వంటవాళ్ళు ఆమె కనుసన్నల్లో మెలుగుతారు. నెల కిందట ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రెండు రాత్రులు మా హోటల్లో ఉండండి, ఆదివారం నా చేతివంట తిని వెళ్ళండి అని. మాస్టారు దాన్ని పదకొండుసార్లు చదివారు. అచ్చుతప్పు ఒక్కటైనా దొరకలేదు. పగ తీర్చుకోవడానికి పిలిచిందేమో అని ఒక గుండె, ఆ మూడు దెబ్బలకు క్షమాపణ చెప్పే అదను ఇదే అని ఇంకో గుండె. చిక్కేమిటంటే ఆయనకు క్షమాపణ చెప్పించడం వచ్చు, చెప్పడం రాదు. ఆ పని ఇంతవరకు జీవితంలో చేసి ఉండలేదు.

శుక్రవారం సాయంత్రం దంపతులిద్దరూ సౌధప్రవేశం చేశారు. మంచం మీద ఏడు దిండ్లు ఉన్నాయి. మాస్టారు ఒకటి తలకింద పెట్టుకుని, తక్కిన ఆరింటినీ గోడవారగా పొడుగు వరసలో నిలబెట్టి నిద్రపోయారు. తెల్లవారి ఐదింటికే లేచి పక్క తామే సర్దేశారు. దంపతులు బాల్కనీలో ఉండగా పనమ్మాయి వచ్చి, గదిలో ఎవరూ దిగలేదనుకుని తాళం వేసుకుపోయింది. అరబా అక్కడినుంచి కేకేసి తలుపు తీయించుకోవలసి వచ్చింది. ఇక్కడ కథ చెప్పేవాడు సముద్రాన్ని రెండు పుటల మేర వర్ణించుట ఆచారము. కాని అంతలో గినీకోడి చల్లారిపోతుంది.

కావున భోజనశాలకు పోదాము. అచట ధవళవస్త్రాచ్ఛాదిత ఫలకరంగమున, పళ్ళేనికి కుడివైపున నిశితధారాసమన్విత ఛురికాత్రయము, ఎడమవైపున చతుర్దంతశూలత్రయము, శిరోభాగమున చెంచాల ఉపసేన, నడుమ కొంగలా మడిచిన చేతిగుడ్డ, ఈ తీరున వ్యూహము పన్ని యుండెను. మాస్టారు వ్యూహాన్ని కళ్ళజోడు సవరించుకుని పరిశీలించారు. తొలి మోహరంలో సూపు వచ్చింది. కుడిచేతి చెంచాతో దాన్ని అవలీలగా నిర్మూలించారు. మలి మోహరంలో మెత్తని చేప వచ్చింది; అదే చెంచా అంచుతో దాన్నీ చీల్చి చెండాడారు. విజయగర్వం తలకెక్కింది. అప్పుడు కోబినా అనే ముసలి వెయిటరు, తెల్ల చేతితొడుగులతో, వెండిమూత ఎత్తాడు.

మూత కింద సమస్త సైన్యాలకు సేనానిలా గినీకోడి తొడ. ఎముకతో సహా, తేనెరంగులో నిగనిగలాడుతూ, నూనెలో జారుడుగా, పచ్చి బఠాణీల అంగరక్షకుల నడుమ ఒరిగి ఉంది. పక్కన, వీధిలో పిడికిలంత ముద్దగా అమ్మే కెంకే ఇక్కడ కాగితమంత పలచగా మూడు బిళ్ళలు. ఇది చెఫ్ గారు స్వయంగా తమకోసం చేసిందనీ, తిన్న తర్వాత ఆవిడే వచ్చి కలుస్తారనీ కోబినా మనవి చేశాడు. మాస్టారికి పళ్ళెంలో కోడి కనిపించలేదు. ఇరవైతొమ్మిదేళ్ళ నాటి ప్రశ్న కనిపించింది.

అరబా గిన్నెలో నీళ్ళు అడిగి తెప్పించుకుని, చెయ్యి కడుక్కుని, తన పళ్ళెంలోని కోడితొడను చేత్తో తీసుకుని సుఖంగా తినసాగింది. మాస్టారు కత్తి దూశారు.

అంత నా మహావీరుండు దక్షిణహస్తంబున ఖడ్గంబు ధరించి, వామహస్తంబును బల్లక్రింద మోకాలిపై బందీగా నుంచి, ఏకహస్తసమరంబునకు గడంగి, తొడపై వ్రేటు వేయ, తొడ తూర్పునకు జారెను. తూర్పున వేయ పడమటికి జారెను. పళ్ళెపుటంచుకు ఒత్తిపట్టి కోయ, అది ఒక్క గంతున పళ్ళెము దాటి శ్వేతవస్త్రముపై వ్రాలి, గోధుమవన్నె మరక నొకదానిని శాసనమువలె లిఖించెను. రెండు బఠాణీలు ఎగిరి పక్క బల్ల దగ్గరి పెద్దావిడ టోపీలో తలదాచుకున్నాయి. ఆవిడ గమనించలేదు. మాస్టారు గమనించనట్టు నటించారు. తొడను చెంచాతో యథాస్థానానికి చేర్చి, ఈసారి కత్తి దించి, కుడిచేత ఫోర్కు పట్టి పొడిచారు. తొడ మొత్తం లేచింది. దాన్ని నోటిదాకా తెస్తే గడ్డానికి తగిలింది, టై మీద పడింది, మళ్ళీ పళ్ళెంలో కూర్చుంది. కోబినా వచ్చి అంతా బాగున్నదా అని అడిగాడు. దివ్యంగా ఉంది అన్నారు మాస్టారు, ఒక్క ముక్కా తినకుండానే.

అరబా ఎముక చీకడం ఆపింది. "చేత్తో తినండి మాస్టారూ. అది పారిపోయే కోడి కాదు, ఉడికిన కోడి."

"చేత్తో తింటే కడుపు నిండుతుంది. ప్రశ్న అలాగే ఉంటుంది."

"ఏం ప్రశ్న?"

మాస్టారు చెప్పారు. ఇరవైతొమ్మిదేళ్ళలో మొదటిసారి, కోడితొడ మీద చూపు నిలిపి, ప్రశ్న, మౌనం, మూడు దెబ్బలు, అన్నీ చెప్పారు. అరబా విని వేళ్ళు తుడుచుకుంది.

"మీకు జవాబు తెలియని ప్రశ్న ఒకటుందని నాకు ముప్పైతొమ్మిదేళ్ళకు తెలిసింది. ఆ పిల్ల పదకొండేళ్ళకే కనిపెట్టింది."

ఈ వాగ్బాణము గినీకోడి ఎముకకన్న గట్టిగా తగిలెను. మాస్టారు తలవంచి, బల్లక్రింది బందీ నుద్దేశించి, మనసులోనే ఇట్లు పలికెను. "ఓ వామహస్తమా, అరువదియారేండ్లుగా నాతోనే పుట్టి నాతోనే పెరిగి, గొడుగు పట్టుటకును, సంచి మోయుటకును, పదిమందిలో చెప్పరాని మరియొక పనికిని తప్ప నోచుకోని అభాగ్యమా, నీ జాతి హస్తమును బెత్తముతో మోదిన పాపి నేను. నేడు ఈ గండము గట్టెక్కింపుము." ఆ చెయ్యి మోకాలు గోక్కుంటోంది.

అంతలో వంటింటి తలుపు తెరుచుకుంది. తెల్లకోటుతో, నుదుటి చెమటతో, హాలంతా లేచి దారి ఇచ్చేంత హుందాగా ఎఫువా నడిచి వచ్చింది. బల్లల మధ్య ఒకరిద్దరు పెద్దమనుషులు ఆమెకు తల వంచి నమస్కరించారు. ఆమె ఎడమచేతిలో చిన్న గిన్నె ఉంది. బల్ల దగ్గరకు వచ్చి మాస్టారి ముఖం చూసిందో లేదో, పద్నాలుగు మందిని శాసించే ఆ ఎడమచెయ్యి, గిన్నెతో సహా, దానంతటదే వీపు వెనక్కి పోయి దాక్కుంది.

ఆరో తరగతిలో అలాగే దాచేది.

ఎఫువా చూపు పళ్ళెం మీద పడింది, చెక్కుచెదరని తొడ చూసి ముఖం వాడిపోయింది.

"బాగోలేదా మాస్టారూ?" అంది మెల్లగా.

మాస్టారు బల్ల కిందినుంచి ఎడమచేతిని పైకి తీశారు. అది వెలుతురు చూసి తడబడింది. పళ్ళెం ఎడమవైపున పడి ఉన్న చతుర్దంతశూలాన్ని ఎత్తుకుంది. ఎత్తిన తొలి ప్రయత్నంలో కెంకే బిళ్ళను పొడిచింది, రెండోసారి బల్లను పొడిచింది, మూడోసారి, అహో, గినీకోడి తొడ నడిబొడ్డున దిగబడి, తొడను కదలకుండ అదిమిపట్టెను. తత్క్షణమే దక్షిణహస్త ఖడ్గము పైనుండి దిగి, బొటనవేలి గోరంత ముక్కను మాతృమాంసమునుండి వేరుచేసెను. శూలమెత్తిన వామహస్తము ముక్కతో గగనమార్గమున బయలుదేరి, ముందు చెంపకు, పిదప ముక్కుకు తగిలి, తుదకు నోటిలో ప్రవేశించెను. మాస్టారు నమిలారు. మింగారు.

"ఎడమచేతిలో, ఎఫువా," అన్నారు. "కుడిచేతిలో కత్తి ఉంటే ఫోర్కు ఎడమచేతిలో ఉంటుంది. ఆ రోజు నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోలేక నిన్ను కొట్టాను. తప్పు నాదమ్మా."

ఎఫువా నవ్వింది. ఆ ప్రశ్న తనకు గుర్తే లేదంది. మాస్టారికి ఏమిష్టమని ఫోన్ చేసి అడిగితే అరబా అమ్మ గినీకోడి అని చెప్పిందనీ, అందుకే వండాననీ చెప్పింది. గినీకోడి అంటే ఇష్టం తనకే గనుక, అరబా కిటికీలోంచి సముద్రాన్ని శ్రద్ధగా చూడసాగింది. అంటే ఈ మహాసంగ్రామంలో శత్రువు లేడు. వ్యూహం పన్నినవాడు లేడు. అంతా మాస్టారే ఊహించుకుని, మాస్టారే టై పాడుచేసుకున్నారన్న మాట.

"ప్రశ్న గుర్తులేదు గానీ," అంది ఎఫువా, "దెబ్బలు గుర్తున్నాయి మాస్టారూ."

"మూడు."

"మూడు."

వీపు వెనకనుంచి ఎడమచెయ్యి బయటికి వచ్చింది. వంటింట్లో కాలిన మచ్చలు దాని నిండా. దాంతోనే గిన్నె ముందుకు చాపింది. అందులో నల్లని షిటో కారం ఉంది. కుడిచేత్తో ఇవ్వలేకపోతే 'ఎడమచెయ్యి, మన్నించండి' అనడం ఆ ఊళ్ళో పసివాళ్ళకూ తెలుసు. ఎఫువా ఆ మాట అనలేదు. మాస్టారు ఫోర్కు దించి, గిన్నెను ఎడమచేత్తోనే అందుకున్నారు. టోపీలో బఠాణీలున్న పెద్దావిడ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

తర్వాత మాస్టారు వెయిటర్ను పిలిచి గిన్నెలో నీళ్ళు అడిగారు. మిగతా తొడంతా చేత్తోనే తిన్నారు, షిటోలో అద్దుకుని, ఎముక తెల్లబడేదాకా. తినడం అయ్యాక, ఫోర్కు పాఠానికి పదికి ఎన్ని మార్కులిస్తావని ఎఫువాను అడిగారు.

"నాలుగు," అంది ఆమె. "మోచెయ్యి బల్ల మీద పెట్టారు."

ఇట్లు సెకొండి రేవున, అట్లాంటిక మహార్ణవము సాక్షిగా, ఇరువదినాలుగు స్తంభములు సాక్షిగా, ఒక టోపీయు రెండు బఠాణీలు సాక్షిగా, బాలలోక భయంకరుండగు ఎబో క్వాన్సా, ఇరవైతొమ్మిదేళ్ళు ఆలస్యముగా, గోరంత గినీకోడి ముక్కను ఎడమచేత జయించి, అత్తెసరు మార్కులతో ఆరో తరగతి ఉత్తీర్ణుడాయెను.