రెండు గంటల పశ్చాత్తాపం, పదకొండు ఆవులు

మనిషిని చంపడం పాతకాలంలో పాపం. ఇప్పుడది వ్యక్తిత్వ వికాసం! నమ్మరా? కొత్తరకం కౌబాయ్ సినిమా చూడండి.

వెనకటి సినిమాల్లో కాల్చినవాడు గుర్రమెక్కి చక్కా పోయేవాడు. మోటు మనిషి! ఇప్పటివాడు కాల్చాక రెండు గంటలు కొండల వంక చూస్తాడు. గడ్డం పెంచుతాడు. వానలో తడుస్తాడు. గుర్రంతో మనసు విప్పి మాట్లాడతాడు. చచ్చినవాడు అడ్డం రాకపోతే ఈ మహానుభావుడికి ఇన్ని కష్టాలుండేవా అని మనకు గుండె కరుగుతుంది. ఇంతకంటే నీతి ఏం కావాలి?

మా వయోమింగ్‌లో పోయినేడు అలాంటిదే తీశారు. కథ మా ఊరిదే. ఇరవై రెండేళ్ల కిందట కాలువ తూము దగ్గర హార్లన్ ప్రూయిట్ నా భర్త లీమన్‌ను కాల్చాడు. ఆ రోజు నీటి వంతు మాది. కోర్టు ‘ఆత్మరక్షణ’ అంది. లీమన్ చేతిలో ఉన్నది పార.

డైరెక్టర్ కోల్బీ నా వంటింట్లో కూర్చుని నేను చేసిన ఆపిల్ కేకు రెండు ముక్కలు తిన్నాడు.

“మా ఆయన పేరు ఒక్కసారి అనిపించు బాబూ,” అన్నాను.

“పేరు పెడితే జనం మనసు అటు పోతుంది మేడమ్. ఇది హార్లన్ మనసు కథ.”

“చచ్చినవాడికి మనసుండదా?”

“ఉంటుంది మేడమ్. నిడివి ఉండదు.”

ఎంత నిజం! కథను నూరేళ్లు వెనక్కి జరిపారు. లీమన్‌కు అరనిమిషం. అతని భార్యకు, అంటే నాకు, మాటే లేదు. లాంతరు పట్టుకుని గుమ్మంలో నిలబడటమే.

ఆవులు మాత్రం అసలువే కావాలట! మా మందలోంచి పదకొండు తోలుకెళ్లాడు. వాటి తొడల మీద కాల్చిన విరిగిన లాడం ముద్ర చూసి, “భలే డిజైన్!” అన్నాడు. అది యజమాని గుర్తని చెప్పకుండా దొడ్డి గేటు తీశాను. ముద్ర చదవడానికి మా జిల్లాలో బడికి వెళ్లక్కర్లేదు. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. లీమన్ ముద్ర పెళ్లైన వారానికే వచ్చింది.

హైస్కూల్ హాల్లో మొదటి ఆట. ముందు వరుసలో డైరెక్టర్, అతని పక్కన కొత్త టోపీతో అసలు హార్లన్. తెరమీది హార్లన్ కన్నీరు కారుస్తుంటే, వెనకనుంచి ఆవులు నడిచొచ్చాయి.

“ఒసేయ్, అవి లీమన్‌వే!” అని అరిచింది నా పక్కనున్న ఓపల్.

కుర్చీలు కిర్రుమన్నాయి. హాలంతా లేచి, శవం ముందు తీసినట్టు టోపీలు తీసింది.

కోల్బీ పొంగిపోయాడు. “చూశారా, పశ్చాత్తాపం జనాన్ని ఎలా కదిలించిందో!”

హార్లన్‌కూ ముద్ర చదవడం వచ్చు. తెరమీద రెండు గంటలు కుమిలిన మనిషి, టోపీని కళ్లమీదికి లాక్కుని పక్క తలుపులోంచి జారుకున్నాడు.

చివర్లో పేర్లు పడ్డాయి. కూర్చుని ఒక్కొక్కటీ చదివాను. గుర్రం పేరుంది. లీమన్‌ది లేదు.

ఇలాంటి నీతి సినిమాలు ఇంకా రావాలి! ఆవులకు మాత్రం మా ఇంటికే రండి.